పాప కోసం కుక్కపిల్ల: ఏడేళ్ల తర్వాత లెక్క చూసుకుంటే

మా పాపకు 8 ఏళ్లప్పుడు లాబ్రడార్ పిల్లను ఇంటికి తెచ్చాం. ఇప్పుడు పాపకు 15, బ్రూనోకు 7. ఇంట్లో పిల్లలు కుక్క కావాలని పట్టుబడుతున్న అమ్మానాన్నలు నన్ను ముందుగా అడిగేది, "ఎంతకు కొన్నారు?" అని. ఆ రేటు పట్టుకుని బడ్జెట్ వేసుకోకండి. మాకు మొదటి ఏడాది ఖర్చే కొన్న ధరకు మూడింతలు దాటింది. ఆ తర్వాత కూడా ఏటా ఇంచుమించు ఇంకో కుక్కపిల్లను కొన్నంత అవుతూనే ఉంది. దత్తత తెచ్చుకుంటే కొనే డబ్బు మిగులుతుంది, మిగతా ఖర్చులు అవే.

మొదటి ఏడాది ఎక్కువగా టీకాలకే పోయింది. 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు వచ్చేదాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేయించాలి. రేబిస్ టీకా వేరు. వీటిలో ఒక్కటి కూడా వాయిదా వేయొద్దు. పార్వో అనే వైరస్ సోకితే కుక్కపిల్లలు రెండు మూడు రోజుల్లోనే చనిపోవచ్చు. ఇవి కాక నులిపురుగుల మందు, బెల్టు, పడక, స్టెరిలైజేషన్ ఆపరేషన్. నాలుగో నెలలో పాలపళ్లు ఊడటం మొదలయ్యాక చెప్పులు, సోఫా అంచులు, పాప స్కూల్ బ్యాగు పట్టీ అన్నీ కొరికేసింది.

తెచ్చేముందు మాకెవరూ చెప్పని విషయం ఒకటుంది. కుక్కకు పెట్టే ఖర్చు దాని బరువును బట్టి ఉంటుంది. తిండి సంగతి ఎవరికైనా తెలుస్తుంది. కానీ పిడుదుల మందు, నులిపురుగుల మాత్ర, యాంటీబయాటిక్, ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు కూడా కిలోల లెక్కనే. బ్రూనో 32 కిలోలు. అదే 8 కిలోల కుక్కయితే మందుల ఖర్చు చాలావరకు తగ్గేది. పాపకు లాబ్రడార్ బొమ్మ నచ్చింది కదా అని తెచ్చేశాం. జాతిని ఎంచుకునేటప్పుడు పెద్దయ్యాక ఎంత బరువుంటుందో ముందు కనుక్కోండి.

మూడో ఏట ఒక సాయంత్రం బ్రూనో గిన్నె దగ్గరికి రాలేదు. లాబ్రడార్ తిండి వద్దందంటే ఏదో తేడా ఉన్నట్టే. ఒళ్లు కాలిపోతోంది. పొద్దున్నే డాక్టర్‌కు చూపిస్తే పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి అన్నారు. వర్షాకాలంలో రెండు నెలలు పిడుదుల మందు వేయడం మానేశాను. తప్పు నాదే. రక్తపరీక్షలు, సెలైన్లు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజుల కోర్సు. ఆ ఒక్క నెల బిల్లు మామూలుగా ఆరు నెలలకయ్యే ఖర్చంత. అప్పటి నుంచి బ్రూనో పేరున ప్రతి నెలా కొంత పక్కన పెడుతున్నాం.

ఆ 28 రోజులూ మాత్ర వేసింది పాపే. ఖాళీ కడుపుతో వేయకూడదని డాక్టర్ చెబితే, తిండి ముద్దలో మాత్ర పెట్టి, అది మింగేదాకా గొంతు కింద మెల్లగా నిమురుతూ కూర్చునేది. తర్వాత గోడమీది క్యాలెండర్‌లో టిక్కు పెట్టేది. అప్పుడు పాపకు పదేళ్లు. పొద్దున్నే లేపకుండా లేవడం నేను మొదటిసారి చూసింది ఆ నెలలోనే.

రోజూ అలాగే ఉంటుందని మాత్రం అనుకోకండి. తెచ్చేముందు "అన్నీ నేనే చూసుకుంటానమ్మా" అంది. మూడు వారాలు చూసుకుంది. ఆ తర్వాత పొద్దున, సాయంత్రం నడక, దువ్వడం, ఊడిన బొచ్చు ఊడవడం మా ఇద్దరి మీదే పడింది. దానికి పాపను తిట్టలేదు, ఎనిమిదేళ్ల పిల్ల మాట మీద పన్నెండేళ్ల బాధ్యత ఎత్తుకున్నది మేము. ఇంట్లో పెద్దవాళ్లకు ఇష్టం లేకపోతే పిల్లల కోసమని తేవద్దు. ఊరెళ్లాలంటే కుక్కను బోర్డింగ్‌లో, అంటే డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునే చోట పెట్టాలి. దాని డబ్బు టికెట్ల ఖర్చుతో పాటే లెక్కేసుకోవాలి.

అయినా ఇంత ఖర్చూ తెలిసి మళ్లీ తెస్తారా అంటే తెస్తాం. ఈసారి కాస్త చిన్న జాతి, అదీ వీలైతే దత్తత.

లాబ్రడార్లకు ఏడేళ్లంటే వయసు మీద పడుతున్నట్టే. మెట్లెక్కేటప్పుడు బ్రూనో వెనక కాళ్లు కాస్త ఈడుస్తున్నాడు. వచ్చే వారం ఎక్స్‌రే తీయిస్తున్నాం. శనివారం అయితే తనూ వస్తానని పాప డేట్ మార్పించింది.