ఎట్సీనా, సొంత సైటా? సేల్స్ టాక్స్ తలనొప్పి ఎందులో తక్కువ

టెక్సస్‌లో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇంట్లోంచే పిల్లల పట్టు లంగాలు, వన్ గ్రామ్ గోల్డ్ జుంకాలు అమ్ముతుంటా. మొదట్లో ఎట్సీ (మనలాంటి చిన్న అమ్మకందార్లు సరుకు పెట్టుకునే ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్) ఒక్కటే, తర్వాత షాపిఫైలో (సొంత ఆన్‌లైన్ షాపు కట్టుకునే సర్వీస్) సొంత సైట్ కూడా పెట్టా. వేరే స్టేట్‌కి పంపితే అక్కడి సేల్స్ టాక్స్ ఎవరు కట్టాలి అని తెలిసినవాళ్ళు అడుగుతూనే ఉంటారు.

టాక్స్ ఒక్కటే చూసుకుంటే ఎట్సీకి పోటీ లేదండి. సేల్స్ టాక్స్ ఉన్న స్టేట్‌లన్నిట్లోనూ మార్కెట్‌ప్లేస్ వాడే వసూలు చేసి వాడే కట్టాలని చట్టాలొచ్చాయి, కొనేవాళ్ళు అట్లాంటాలో ఉన్నా ఎడిసన్‌లో ఉన్నా రేటు ఎంతో మనం చూసుకునే పనే లేదు.

సొంత సైట్‌లో ఆ పని మన నెత్తిన పడుద్ది. షాపిఫై లెక్కేసి బిల్లులో కలుపుతుంది అంతే, ఆ డబ్బు మన అకౌంట్‌లోకే వస్తుంది, స్టేట్‌కి టాక్స్ రిటర్న్ వేసి కట్టాల్సింది మనమే (దాన్ని లాభం అనుకుని వాడేసుకున్నవాళ్ళు నాకు తెలుసు). ఉండేది టెక్సస్ కాబట్టి ఇక్కడి కస్టమర్‌కి మొదటి ఆర్డర్ నుంచే వసూలు చేయాలి, మా దగ్గర 8.25 శాతం. మిగతా స్టేట్‌లంటారా, ఒకప్పుడు అక్కడ మనకి షాపో గోడౌనో ఉంటేనే అడిగేవాళ్ళు, 2018 జూన్‌లో వేఫేర్ అనే ఆన్‌లైన్ ఫర్నిచర్ కంపెనీ కేసులో సుప్రీం కోర్టు ఆ షరతు తీసేసింది, ఇప్పుడు ఆ స్టేట్‌లో మన అమ్మకాలు ఒక లిమిట్ దాటినా చాలు. చాలా చోట్ల ఏడాదికి లక్ష డాలర్లు, కాలిఫోర్నియాలో 5 లక్షలు. లక్షెక్కడ మనమెక్కడ అని నేనూ నవ్వుకున్నా, కానీ న్యూజెర్సీ, జార్జియా లాంటి చోట్ల లక్ష డాలర్లు లేదా 200 ఆర్డర్లు, ఏది ముందు దాటితే అది. 15 డాలర్ల జుంకాలు 200 మందికి పంపితే వచ్చేది 3,000 డాలర్లే, దానికే ఆ స్టేట్‌లో సేల్స్ టాక్స్ రిజిస్ట్రేషన్! పైగా న్యూజెర్సీలో బట్టలకి టాక్స్ లేదు, నగలకి 6.625 శాతం ఉంది, అంటే ఒకే పార్సిల్‌లో లంగాకి సున్నా, జుంకాలకి టాక్స్. అదే లంగా టెక్సస్‌లో కొంటే టాక్స్ పడుద్ది.

మరి సొంత సైట్ ఎందుకూ అంటే ఫీజులు. 100 డాలర్ల లంగా మీద ఎట్సీ 6.5 శాతం, పేమెంట్‌కి 3 శాతం ప్లస్ 25 సెంట్లు, లిస్టింగ్ 20 సెంట్లు, మొత్తం దాదాపు 10 డాలర్లు లాగేస్తుంది. షాపిఫైలో అదే ఆర్డర్‌కి 3.20 డాలర్లు పోతుంది, నెలకి 39 డాలర్లు అద్దె, సో నెలకి ఆరు లంగాలు అమ్మితే అద్దె వచ్చేసినట్టే.

వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో భయపెడితే అవసరం లేకుండానే నేను రెండు స్టేట్‌లలో ముందే రిజిస్టర్ చేసేసుకున్నా, అది పెద్ద తెలివితక్కువ పని. ఒక్కసారి రిజిస్టర్ అయ్యి సేల్స్ టాక్స్ పర్మిట్ తీసుకున్నామా, అమ్మకం సున్నా అయినా రిటర్న్ వేయాల్సిందే. ఒక క్వార్టర్‌లో ఏమీ అమ్మలేదు కదా అని టెక్సస్ రిటర్న్ వదిలేశా, 50 డాలర్లు ఫైన్ పడింది.

అమెజాన్ గోడౌన్‌లో సరుకు పెట్టేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్త. వాళ్ళు మన స్టాక్‌ని ఏ స్టేట్‌కైనా తరలిస్తారు, చాలా స్టేట్‌లు అది మనకి అక్కడ షాపు ఉన్నట్టే లెక్కేస్తాయి, అప్పుడు మన సైట్‌లో ఆ స్టేట్‌ నుంచి వచ్చే ఆర్డర్లకి లక్ష లిమిట్ దాటలేదు కదా అంటే కుదరదు, టాక్స్ వసూలు చేయాల్సిందే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను ఎట్సీయే చెప్తా, డాలస్ చుట్టుపక్కల మళ్ళీ మళ్ళీ కొనే ఆంటీలు పదిమంది పోగయ్యాక సైట్ పెట్టుకోవచ్చు, అప్పుడు టెక్సస్ ఒక్కటే చూసుకుంటే సరిపోద్ది, మిగతా స్టేట్‌ల ఆర్డర్లు మాత్రం ఒక ఎక్సెల్ షీట్‌లో లెక్కపెట్టుకుంటూ ఉండాలి. జుంకాలు మాత్రం నేనింకా సైట్‌లో పెట్టలేదు, ఆ 200 లెక్క గుర్తొస్తే ఎట్సీకి ఆ ఫీజేదో ఇచ్చేయడమే నయం అనిపిస్తుంది.