వేటకూ ఇంటికీ పనికొచ్చే లాబ్రడార్: పశ్చిమ మినెసోటాలోని ఒక కుటుంబ కెన్నెల్‌పై సమీక్ష

పశ్చిమ మినెసోటాలో మొక్కజొన్న, సోయా సాగు చేసుకుంటూ, మూడు ఆడ లాబ్రడార్లను ఇంట్లోనే పెంచి, ఏడాదికి ఒకటి రెండు ఈతల పిల్లలను మాత్రమే అమ్మే ఒక రైతు కుటుంబం దగ్గర మేము నల్ల ఆడ కుక్కపిల్లను కొన్నాము. కెన్నెల్ చిరునామా అంటే వాళ్ల ఇంటి చిరునామాయే గనుక పేరు రాయడం లేదు. ఇలాంటి కుటుంబాలు ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఇంకా ఉన్నాయి కాబట్టి, మేము ఏమి చూసి నమ్మామో, ఎక్కడ అసంతృప్తి కలిగిందో చెబితే అమెరికాలో కుక్కపిల్ల కోసం వెతుకుతున్న తెలుగువారికి ఉపయోగపడుతుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: పెంపకానికీ నిజాయితీకీ వంక పెట్టలేము, గ్యారంటీ పత్రం మాత్రం పూర్తిగా అమ్మేవారి వైపే మొగ్గి ఉంది.

వేట కోసం పెంచిన కుక్క అనగానే మన ఇళ్లలో మొదట కలిగేది భయమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వేట దాదాపుగా నిషిద్ధమైంది కనుక, వేటకుక్క అంటే అడవిపందుల మీదికి ఉసిగొల్పే కుక్కే మన మనసులో మెదులుతుంది. లాబ్రడార్ చేసే పని అది కాదు. వేటగాడు కొట్టిన అడవి బాతునో ఫెజెంట్ పక్షినో నీళ్లలోనో జమ్ములోనో వెతికి పట్టుకుని, పంటి గాటు పడకుండా తెచ్చి చేతికివ్వడమే దాని పని. అంతకంటే కష్టమైనది దానికి ముందు ఉంటుంది: అక్టోబరు చలిలో, తెల్లవారకముందు నుంచీ జమ్ము మాటున కదలకుండా, మూలగకుండా, తుపాకీ మోగినా లేవకుండా, పంపేదాకా కూర్చోవడం. మెత్తని నోరు, మాట వినే స్వభావం, పని లేనప్పుడు నిమ్మళంగా పడి ఉండే ఓపిక చూసి ఎన్నో తరాలుగా ఏరి పెంచిన కుక్క, పసిపిల్లలున్న ఇంట్లో కూడా బాగా ఇముడుతుంది. ఫోనులో మాట్లాడిన మొదటిసారే ఆ ఇంటావిడ ఈ సంగతి చెప్పి, అయితే రోజూ గంటసేపైనా పరిగెత్తించలేని వాళ్లకు మా పిల్లను ఇవ్వము అని కూడా అంతే సూటిగా చెప్పింది. డబ్బు సంగతి ఎత్తకముందే మన ఇంటి సంగతులు అడిగే అమ్మకందారు మాకు అంతకుముందు తగల్లేదు.

ఈ కెన్నెల్‌ను ఎంచుకోవడానికి అసలు కారణం తల్లిదండ్రుల కాగితాలు. లాబ్రడార్లకు తుంటి కీళ్లు, మోచేతి కీళ్లు సరిగ్గా అమరక అరిగిపోయే జబ్బులు వంశపారంపర్యంగా వస్తాయి. కుక్కకు రెండేళ్లు నిండిన తరువాత తీసిన ఎక్స్‌రేలను ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ అనే సంస్థకు పంపితే, అక్కడి నిపుణులు చూసి తుంటికి ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్ అంటూ శ్రేణి ఇస్తారు; ఆ కిందివన్నీ పిల్లలు పెట్టించడానికి తగనివిగానే లెక్క. కుక్క రిజిస్ట్రేషన్ పేరు తెలిస్తే ఈ వివరాలను సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మా పిల్ల తల్లికి గుడ్, తండ్రికి ఎక్సలెంట్ అని ఉన్నాయి. అంతకుముందు మేము అడిగిన అమ్మకందారులలో చాలామంది "మా డాక్టరు చూసి బాగుందన్నాడు" అని తేల్చేశారు. డాక్టరు చేత్తో చూసి తుంటి కీలు ఎలా ఉందో చెప్పలేడు, అందుకు ఎక్స్‌రే కావలసిందే.

కాగితాలలో నాకు అన్నింటికంటే నచ్చింది ఒక లోపాన్ని దాచకపోవడం. లాబ్రడార్లలో ఈఐసీ (ఎక్సర్‌సైజ్ ఇండ్యూస్డ్ కొలాప్స్) అనే జన్యు వ్యాధి ఉంది. అది ఉన్న కుక్క ఉత్సాహంగా కొద్ది నిమిషాలు గట్టిగా పరిగెత్తగానే వెనక కాళ్లు పట్టు తప్పి కూలబడుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. దానికి కారణమైన జన్యుమార్పును 2008లో మినెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం వెల్లడించిన తరువాత, ఇప్పుడు బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాతోనే పరీక్ష చేయించవచ్చు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ లోపం వస్తేనే వ్యాధి వస్తుంది. మా పిల్ల తల్లిలో ఆ లోపమున్న జన్యువు ఒక ప్రతి మాత్రమే ఉంది, తండ్రిలో అసలు లేదు. కాబట్టి పిల్లలలో సుమారు సగం ఆ లోపాన్ని మోయవచ్చు గాని, ఏ ఒక్కదానికీ జబ్బు రాదు. ఈ లెక్కనంతా ఇంటాయన వంటింటి బల్ల దగ్గర కాగితం మీద నాలుగు గళ్లు గీసి వివరించాడు. అన్ని పరీక్షలూ క్లియర్ అని పెద్ద అక్షరాలతో ప్రకటించుకుని, కాగితం చూపమంటే ముఖం చాటేసేవారి కంటే ఈ నాలుగు గళ్లే నాకు ఎక్కువ నమ్మకం కలిగించాయి.

తల్లికి అమెరికన్ కెన్నెల్ క్లబ్ వేట పరీక్షలలో సీనియర్ హంటర్, పక్క రాష్ట్రం నుంచి తెప్పించిన తండ్రికి మాస్టర్ హంటర్ అర్హత ఉన్నాయి. ఈ పరీక్షలలో కుక్కలు ఒకదానితో ఒకటి పోటీ పడవు, నిర్ణీత ప్రమాణాన్ని అందుకున్నాయా లేదా అన్నదే చూస్తారు. మాస్టర్ స్థాయిలో తాను చూడని చోట పడిన పక్షిని యజమాని ఈల, చేతి సైగల ఆధారంగా వెతికి తేవాలి, పక్కన ఇంకో కుక్క పని చేస్తుంటే తాను కదలకుండా ఉండాలి. వేటతో మాకు సంబంధం లేకపోయినా, తండ్రి అంత నిగ్రహం నేర్వగల కుక్క అని తెలియడం ధైర్యాన్నిచ్చింది.

ఒక విషయం తెలుసుకోవడం అవసరం. నాలుగు, అంతకంటే తక్కువ ఆడ జంతువులతో, తమ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లలను మాత్రమే అమ్ముకునే వారికి ఫెడరల్ వ్యవసాయ శాఖ లైసెన్సు అక్కర లేదు. అంటే ఇటువంటి చిన్న కెన్నెళ్లకు ఆ శాఖ ఇన్‌స్పెక్టరు రాడు, కొనేవాడే ఇన్‌స్పెక్టరు. అందుకే తల్లి కుక్కను దాని ఇంట్లోనే చూడనివ్వని వారి దగ్గర కొనకూడదని నా గట్టి అభిప్రాయం. ఈ కుటుంబం చూడనిచ్చింది, కాకపోతే పిల్లలకు మొదటి టీకా పడిన తరువాతే, అదీ వాకిట్లో బ్లీచ్ నీళ్లలో చెప్పుల అడుగులు ముంచిన తరువాతే. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉండి చెప్పులతో పాటు వస్తుంది కాబట్టి ఆ పట్టుదల న్యాయమైనదే.

పిల్లలు పుట్టింది ఇంట్లోనే, చెక్కతో కట్టిన విశాలమైన పెట్టెలో. పెట్టె లోపల నాలుగు వైపులా గోడకు జానెడు ఎడంగా ఒక కర్ర బిగించి ఉంది. తల్లి ఆనుకుని పడుకున్నప్పుడు వెనక చిక్కిన పిల్ల నలిగిపోకుండా ఆ సందులో మిగులుతుందట. రెండు వారాలకు కళ్లు తెరిచి, మూడో వారంలో నడక అందుకోగానే వాటిని వంటింటి మూలకు మార్చి, గిన్నెల చప్పుడు, వాక్యూమ్ క్లీనర్ మోత, బడి నుంచి వచ్చిన పిల్లల అల్లరి మధ్యనే పెంచారు. తిండి పెట్టే వేళ దూరం నుంచి పళ్లెం మోగించి, రోజురోజుకూ దగ్గరగా మోగిస్తూ వచ్చారు. తరువాత తుపాకీ చప్పుడుకు బెదరకుండా ఉండటానికి ఇదే పునాది అన్నారు. దాని ఫలితం మాకు ఇంకో రూపంలో దక్కింది: మా ఇంట్లో కుక్కర్ మొదటి విజిల్‌కు మా పిల్ల తల కూడా ఎత్తలేదు. రెండు వారాలకోసారి నట్టల మందు వేసిన తేదీలు, టీకా సీసా మీది చీటీ, వారం వారం బరువులు ఒక పుస్తకంలో రాసి మాకు నకలు ఇచ్చారు.

ఏడో వారంలో పిల్లలను ఒక్కొక్కటిగా ఖాళీ కొట్టంలోకి తీసుకువెళ్లి, దారానికి కట్టిన బాతు రెక్కను ముందు విసిరి చూశారు. ఒక పిల్ల రెక్కను కరుచుకుని మూలకు పారిపోయి ఈకలు పీకడం మొదలుపెట్టింది, ఇంకొకటి దాన్ని దాటి వెళ్లి ఇంటావిడ కాళ్ల దగ్గర కూర్చుంది. మా పిల్ల రెక్క దగ్గరికి పరిగెత్తి, వాసన చూసి, నోట పట్టి సగం దూరం తెచ్చి, అక్కడ వదిలేసి మా అబ్బాయి బూటు లేసు పట్టుకుంది. ఇల్లే దీనికి సరిపోతుంది అని వాళ్లు నవ్వుతూ రాసుకున్నారు. ఎవరికి ఏ పిల్ల అన్నది వాళ్లే నిర్ణయిస్తారు. మేము పసుపు రంగు అడిగాము, నల్లది వచ్చింది. రంగు విషయం పెద్దగా పట్టించుకోనక్కరలేదు గాని, వేటకు తీసుకునే వారికే ముందు ఎంపిక ఇచ్చి, మిగిలిన వాటిని ఇళ్లకు ఇచ్చే పద్ధతిని ముందుగా చెప్పి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చిన తరువాత దాని స్వభావం చెప్పినట్టే ఉంది. వస్తువు విసిరితే తెచ్చి చేతిలో పెడుతుంది, కోడిగుడ్డునైనా పగలకుండా మోస్తుంది. జుట్టు మాత్రం ఏడాది పొడవునా రాలుతుంది, వసంతంలో ఇల్లంతా అదే. ఆకలికి అంతు లేదు. సుమారు నాలుగో వంతు లాబ్రడార్లలో కడుపు నిండిన సంగతి మెదడుకు సరిగ్గా అందనివ్వని ఒక జన్యుమార్పు ఉందని 2016లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు తేల్చారు. పెరుగన్నం ముద్దలు పెట్టే అమ్మమ్మలున్న ఇంట్లో ఇది తెలియడం చాలా అవసరం. ఉల్లిపాయ పడిన సాంబారూ, కిస్‌మిస్ వేసిన పరమాన్నమూ కుక్కలకు విషమే కాబట్టి ఆ గిన్నెలు అందకుండా పెట్టాలి. ఈ జాగ్రత్తలన్నీ వాళ్లు ఇచ్చిన పుస్తకంలోనే ఉన్నాయి, సాంబారు పేరు తప్ప.

ఇక లోపాలు. సెప్టెంబరు చివర బాతుల వేట మొదలైతే వాళ్లు ఫోను ఎత్తరు, మెయిలుకు జవాబు వారం తరువాత వస్తుంది. పిల్లకు విరేచనాలు పట్టినప్పుడు మాకు దొరికింది మా పశువైద్యురాలే. ఒప్పందం ప్రకారం పరిమిత రిజిస్ట్రేషనే ఇస్తారు, అంటే దీనికి పుట్టే పిల్లలను నమోదు చేయించలేము. మాకు ఆ ఉద్దేశం లేదు గనుక అభ్యంతరం లేదు. ఏడాది నిండకముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే గ్యారంటీ చెల్లదన్న షరతు కూడా సబబే, ఆరు నెలల లోపు ఆపరేషన్ చేసిన లాబ్రడార్లకు కీళ్ల జబ్బులు ఎక్కువని డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధనలు చూపించాయి. సబబు కానివి రెండున్నాయి. ఫలానా కంపెనీ విటమిన్ మాత్రలు ప్రతినెలా కొంటేనే గ్యారంటీ నిలుస్తుందనడం ఒకటి. ఆ కొనుగోలులో వాళ్లకు కమిషను ఉందని వాళ్లే ఒప్పుకున్నారు. తుంటి లోపం తేలితే ఆ కుక్కను వెనక్కి ఇచ్చి వేరే పిల్లను తీసుకోవాలి తప్ప డబ్బు తిరిగి ఇచ్చేది లేదనడం రెండోది. రెండేళ్లు మంచం పక్కన పడుకున్న కుక్కను ఎవరు వెనక్కి ఇస్తారు? ఇవ్వరని తెలిసే ఆ షరతు పెట్టారని నా అనుమానం.

ధర పదహారు వందల డాలర్లు, అందులో మూడు వందలు ముందుగా కట్టాలి, మనం వద్దనుకుంటే అవి తిరిగి రావు. ఎక్స్‌రేలు, జన్యు పరీక్షలు, తండ్రి కుక్క రుసుము లెక్కేస్తే ఇది ఎక్కువేమీ కాదు. రోజంతా ఆఫీసులో ఉండి సాయంత్రం పావుగంట నడిపించే వారికి ఈ పిల్లలు తగవు. పెరడు, తీరిక ఉన్నవారు వరుసలో పేరు రాయించుకోవచ్చు. సంతకానికి ముందు ఆ వెనక్కి ఇవ్వాలన్న వాక్యాన్ని కొట్టేయమని అడగండి. మా తరువాత కొన్న ఒక కుటుంబం అడిగితే, ఇంటాయన పెన్ను తీసి అక్కడికక్కడే కొట్టేసి పక్కన పొడి సంతకం పెట్టాడట.