సియెర్రా నెవాడాలో ఏది మేలు? పేల్ ఏలా, టార్పిడోనా, హేజీనా?

శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఎవరో ఒకరు షాపులో బీర్ల వరుస ముందు నిలబడి ఫొటో పెడతారు. “అన్నా, సియెర్రా నెవాడాలో ఏది తీసుకోమంటావ్? ఇంటికి పది మంది వస్తున్నారు.” కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటూ, బీరు గురించి నాలుగు మాటలు మాట్లాడతానన్న పేరు పడ్డాక ఈ ప్రశ్న తప్పదు. ఇదివరకు తోచింది చెప్పేసి ఊరుకునేవాణ్ని. ఈమధ్య మా ఇంటి ఫ్రిజ్‌లో ఏది శాశ్వతంగా ఉండాలో తేల్చుకోవాల్సి వచ్చి, ఈ అమెరికన్ బీరు కంపెనీ కాచే పేల్ ఏల్, టార్పిడో, హేజీ లిటిల్ థింగ్ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని తీరిగ్గా తాగి చూశాను. ఇకనుంచి అడిగినవాళ్లకు ఇదే పంపిస్తాను.

ఏల్, లాగర్ అన్నవి బీరులో రెండు పెద్ద రకాలు, హాప్స్ అంటే చేదు కోసం, వాసన కోసం వేసే పూలు, ఐపీఏ అంటే ఆ హాప్స్ ఎక్కువ వేసిన ఏల్. అంతకు మించి వాటి జోలికి పోను. నేను దేన్ని చూసి మార్కులు వేస్తానో మాత్రం ముందే చెప్పాలి. గ్లాసులో ఆఖరి మూడో వంతు ఎలా ఉందన్నదే నా లెక్క.

ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన బీరు, ఏ కంపెనీదైనా, మొదటి గుక్క బాగానే ఉంటుంది. చల్లదనానికి నాలుక సగం మొద్దుబారుతుంది, వాసనలు పైకి లేవవు, గ్యాస్ చురుక్కుమంటుంది. లోపాలన్నీ ఆ చలిలో దాక్కుంటాయి. కానీ మన ఇళ్లల్లో బీరు తాగే పద్ధతి ఎలా ఉంటుంది? ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెడతాం. వీసా గురించి అరగంట, ఊళ్లో రాజకీయాల గురించి ఇంకో అరగంట మాట్లాడతాం. మధ్యలో పకోడీ ప్లేటు వస్తుంది. మళ్లీ గ్లాసు అందుకునేసరికి చల్లదనం దిగిపోయి ఉంటుంది, గ్యాస్ సగం పోయి ఉంటుంది. అప్పుడు బయటపడుతుంది అసలు బీరు. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి ఎంత, చేదు ఎంతసేపు నిలుస్తుంది, ఆల్కహాల్ ఘాటు విడిగా తెలుస్తోందా అన్నది ఆ చివరి గుక్కలే చెప్తాయి. అప్పటికి కూడా గ్లాసు ఖాళీ చెయ్యాలనిపిస్తే మంచి బీరు. సింకులో పారబోయాలనిపిస్తే డబ్బా మీద బొమ్మ ఎంత అందంగా ఉన్నా నాకు అనవసరం.

ఇక పేల్ ఏల్. ఆకుపచ్చ లేబుల్‌ది. కాలిఫోర్నియా ఉత్తరాన చికో అనే ఊళ్లో, ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకు సామాను అమ్మే కొట్టు నడిపిన కెన్ గ్రాస్‌మన్, పాల్ కముసితో కలిసి 1979లో ఈ కంపెనీ పెట్టాడు. కొత్త సామానుకు డబ్బుల్లేక, పాల డెయిరీలు వదిలించుకున్న స్టీలు ట్యాంకులు తెచ్చి అతుకులేసి బ్రూవరీ కట్టారు. 1980లో మొదట కాచింది స్టౌట్ అనే నల్లటి బీరు అయినా, పేరు తెచ్చింది మాత్రం పేల్ ఏలే. రుచి ప్రతిసారీ ఒకేలా వచ్చేదాకా కాచినదాన్ని పారబోసి మళ్లీ కాచారట. ఆ పట్టుదల బీరులో ఇప్పటికీ తెలుస్తుంది. అప్పట్లో అమెరికా అంతా నీళ్లలాంటి లాగరే కాబట్టి, 1972లో విడుదలైన క్యాస్కేడ్ అనే అమెరికన్ హాప్స్‌ని ఇంత ధైర్యంగా వెయ్యడం పెద్ద సాహసమే. 5.6 శాతం ఆల్కహాల్, చేదు కొలత 38 ఐబీయూ. ఈ రోజు ఐపీఏల పక్కన ఆ 38 అంకె చూసి నవ్వేవాళ్లున్నారు. ఇంకో సంగతి, ఇంట్లో బీరు కాచేవాళ్లు ఇప్పటికీ వాడే ఒక ఈస్ట్ రకాన్ని ‘చికో’ అనే పిలుస్తారు.

సీసా కొంటే ఒక చిన్న జాగ్రత్త. ఇందులో గ్యాస్ సీసాలోనే పుడుతుంది. నింపేటప్పుడు కొంచెం ఈస్ట్, కొంచెం చక్కెర మిగిలేలా చేసి మూత బిగిస్తారు. అందుకే అడుగున సన్నటి మడ్డి పొర ఉంటుంది. దీపం వైపు ఎత్తి పట్టుకుని మెల్లగా వంపితే అది కనిపిస్తుంది, ముదురు గోధుమ రంగు గాజు లోపల బూడిదలా. గ్లాసు వంచి పట్టుకుని ఒకే ధారగా పోసి, చివర వేలెడు బీరు సీసాలోనే వదిలేస్తే తేనె రంగులో తేటగా వస్తుంది. మడ్డి కూడా పోసుకుంటే నష్టమేమీ లేదు, కాస్త బ్రెడ్డు రుచి తగులుతుంది, అంతే. కదిపేసి, తలకిందులు చేసి ఇచ్చేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మొదట పంపరపనస తొక్క గిల్లినప్పటి వాసన, దాని వెనకాల కొద్దిగా పైన్ చెట్టు జిగురు. తర్వాత కారమెల్ మాల్ట్ వల్ల వచ్చే సన్నటి పాకం తీపి. చివర చేదు. ఈ చేదు మెంతుల చేదులాంటిది. వచ్చి, ఉన్నానని చెప్పి, తనంతట తనే వెళ్లిపోతుంది. గ్లాసు వేడెక్కేకొద్దీ పంపరపనస వాసన తగ్గి పాకం ముందుకు వస్తుంది, కానీ చేదు వెనకాల కాపలా ఉంటుంది కాబట్టి వెగటు పుట్టదు. ఆఖరి మూడో వంతు మొదటి వంతు కంటే బాగుందని నేను అనుకునే బీర్లు చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి.

టార్పిడో 2009లో వచ్చింది. పేరు బీరుది కాదు, ముందు ఒక యంత్రానిది. స్టీలు గొట్టంలాంటి పాత్రలో ఎండబెట్టిన హాప్ పూలను పొడి చెయ్యకుండా అలాగే నింపి, పులిసిన బీరును దాని గుండా తిప్పుతారు. మరిగించరు కాబట్టి పూలల్లోని నూనెలు, వాసనలు బీరులోకి దిగుతాయి కానీ అదనంగా చేదు అంతగా రాదు. అలాగని టార్పిడో మెత్తనిది అనుకోకండి. కాచేటప్పుడు వేసిన హాప్స్ చేదు ఎలాగూ ఉంది. 7.2 శాతం, 65 ఐబీయూ.

చల్లగా తాగితే అద్భుతం. మూత తియ్యగానే గుగ్గిలం ధూపం వేసినట్టు వాసన. మొదటి గుక్కకి పేల్ ఏల్ దీని ముందు చప్పగా అనిపిస్తుంది కూడా. పక్కపక్కన పెట్టి ఒక్కో గుక్క రుచి చూపిస్తే పదిమందిలో ఏడుగురు టార్పిడోకే ఓటేస్తారని పందెం కాస్తాను. ట్యాప్‌రూముల్లో, అంటే బ్రూవరీల సొంత బార్లలో, చిన్న చిన్న గ్లాసుల్లో ట్రేలో పెట్టి ఇస్తారు చూడండి, అక్కడ గట్టి బీర్లు గెలవడానికి ఇదే కారణం. చిన్న గ్లాసు వేడెక్కేలోపే అయిపోతుంది.

నిండు గ్లాసుతో కథ వేరు. సగం దాటాక ఈ చేదు కాకరకాయ చేదు అవుతుంది, నాలుక వెనక భాగం పట్టుకుని వదలదు. గ్యాస్ తగ్గేసరికి ఆల్కహాల్ వెచ్చదనం గొంతులో విడిగా తెలుస్తుంది. పైగా మన తిండి. గుంటూరు కారంతో కోడి వేపుడు తింటూ టార్పిడో తాగి చూడండి. మిరపకాయ మంటని చేదు ఎగదోస్తుంది, ఆల్కహాల్ ఇంకొంచెం ఎగదోస్తుంది. రెండు మంచివే, కానీ ఒకదాన్నొకటి బతకనివ్వవు. అదే వేయించిన పల్లీలు, ఉప్పు జీడిపప్పు, చీజ్ ఉంటే టార్పిడో రాజా. ఇంకో లెక్క కూడా చూడండి. 355 మిల్లీలీటర్ల సీసాలో పేల్ ఏల్‌కి దాదాపు 20 మిల్లీలీటర్ల ఆల్కహాల్, టార్పిడోకి 25 దాటుతుంది. నాలుగు టార్పిడోలు తాగినవాడు ఐదు పేల్ ఏల్‌లు దించినట్టే. “నేను నాలుగే కదా తాగింది” అనే పెద్దమనిషి కారు తాళాలు ముందే తీసి దాచండి.

హేజీ లిటిల్ థింగ్ ఈ ఇంట్లో చిన్నది, 2018లో పుట్టింది. అప్పటికి అమెరికా ఈశాన్య రాష్ట్రాల మబ్బు రంగు ఐపీఏలు దేశమంతా పాకిపోయాయి. తేటగా, చేదుగా ఉండే బీర్లకు పేరుపడ్డ కంపెనీ కూడా ఆ దారి పట్టక తప్పలేదు. వడపోత లేదు. ఓట్స్, గోధుమ వెయ్యడం వల్ల నోట్లో మెత్తగా, కాస్త చిక్కగా తగులుతుంది. 6.7 శాతం.

చేదు కొలత దీనికి 35. పేల్ ఏల్‌కి 38 అని పైన చెప్పాను. అంకెల్లో తేడా మూడే. తాగితే మాత్రం హేజీలో చేదు ఉందా అని వెతుక్కోవాలి. ఐబీయూ అనేది బీరులో చేదు పదార్థం ఎంత ఉందో చెప్తుంది కానీ, దానికి ఎదురుగా తీపి ఎంత ఉంది, చిక్కదనం ఎంత ఉంది అన్నది చెప్పదు. అందుకే డబ్బా మీద అంకె చూసి బీరు కొనేవాళ్లతో నాకు పడదు. హేజీలో హాప్స్ ఎక్కువ భాగం వాసన కోసమే, అందుకే మామిడి, నారింజ, అనాస కలిపి పిండిన జ్యూస్‌లా గుప్పుమంటుంది. “నాకు బీరు పడదు” అనే మా చెల్లెలు కూడా ఇది ఇష్టంగా తాగింది. మిరపకాయ బజ్జీతో దీనికున్న జోడీ మిగతా రెండింటికీ లేదు, తీపి మంటని చల్లారుస్తుంది.

మరి ఆఖరి మూడో వంతు? అక్కడే దెబ్బ తింటుంది. చల్లదనం పోయాక పండ్ల వాసన బరువెక్కుతుంది, తీపిని కోసే చేదు లేదు కాబట్టి నోరు జిగటగా అనిపిస్తుంది. ఒక డబ్బా సంతోషంగా తాగుతాను. రెండోది తెరవాలంటే చెయ్యి రాదు.

నా మార్కులు పదికి: పేల్ ఏల్ 9, టార్పిడో 7.5, హేజీ 6.5. ఇవి నావి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలు తాగి కొత్తగా దిగినవాళ్లు శాతం చూసి నేరుగా టార్పిడో వైపు వెళ్తారు. అక్కడి స్ట్రాంగ్‌లూ 8 శాతం దాకా ఉంటాయి కదా, దగ్గరగానే ఉంది అనుకుంటారు. శాతం దగ్గరే కానీ, ఆ బీర్లలో చేదు పెద్దగా ఉండదు, తియ్యగా దిగిపోతాయి. వాళ్లకు ముందు హేజీ ఇవ్వండి, తర్వాత పేల్ ఏల్. నేరుగా టార్పిడో ఇస్తే “ఇదేం కషాయంరా బాబూ” అని మళ్లీ లాగర్‌కి పారిపోతారు. పదిమంది వచ్చే పార్టీకైతే ఆలోచించేదేముంది, రెండు వంతులు పేల్ ఏల్, ఒక వంతు హేజీ. టార్పిడో ఒక సిక్స్‌ప్యాక్ పక్కన ఉంచండి, తెలిసినవాళ్లు వాళ్లే వెతుక్కుంటారు.

పోర్టర్, స్టౌట్ దొరికితే తీసుకోండి, రెండూ మర్యాదైన నల్ల బీర్లు. మటన్ వేపుడుతో పోర్టర్ బాగుంటుంది. అంతకు మించి వాటి గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వెరైటీ ప్యాక్ కొంటే ఒకటో రెండో డబ్బాలు ఫ్రిజ్‌లో మూలన నెలల తరబడి పడి ఉంటాయి, నేను కొనను.

చలికాలం సరుకు సంగతి ఒకటి మిగిలింది. సెలబ్రేషన్ అనే ఐపీఏ 1981 నుంచి వస్తోంది, 6.8 శాతం, చేదు టార్పిడోతో సమానంగా 65. ఆ ఏడాది కోసిన హాప్స్‌లో మొదటి సరుకుతో కాస్తారు. పేల్ ఏల్‌కి అన్నయ్య అనుకోండి, అదే పాకం, అదే పైన్, అన్నీ రెండాకులు ఎక్కువ. నవంబరు, డిసెంబరుల్లో దొరికితే నేను పేల్ ఏల్‌ని కూడా పక్కన పెట్టి ఇదే తెస్తాను. కాకపోతే హాప్స్ వాసన మీద బతికే బీరు కాబట్టి పాతబడితే పనికిరాదు. మార్చిలో డిస్కౌంట్ స్టిక్కర్ వేసి అమ్ముతుంటే, ప్యాక్ చేసిన తేదీ చూసి వదిలెయ్యండి. ఆ తేదీ మిగతా మూడింటికీ చూడాలి, మూడు నెలలు దాటితే నేను ముట్టుకోను. అదే మార్చిలో అదే అరలో బిగ్‌ఫుట్ కనబడితే మాత్రం తేదీ చూడక్కర్లేదు. 9.6 శాతం బార్లీవైన్ (పేరులో వైన్ ఉన్నా గట్టి ఏలే) అది, 90 ఐబీయూ, 1983 నుంచి కాస్తున్నారు. ఏళ్ల తరబడి దాచినా చెడదు, చేదు తగ్గి ఎండు ఖర్జూరం రుచి వస్తుంది. ఆఖరి మూడో వంతు లెక్కన దీనికి పదికి పది ఇవ్వాలి. కానీ నలుగురు కలిసి ఒక సీసా పంచుకునే బీరు అది, పార్టీకి తెచ్చేది కాదు.