కౌంటర్ లోపలి నుంచి చూసిన ‘బానీ అండ్ క్లైడ్’

ముప్పై ఒక్కేళ్లు గ్రామీణ బ్యాంకులో క్యాషియర్‌గా చేశాను. బ్యాంకు దొంగల సినిమా అంటే నేను ముందే కౌంటర్ లోపలివాళ్ల పార్టీ. అయినా టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మావాడి దగ్గరున్నప్పుడు 1967 నాటి ‘బానీ అండ్ క్లైడ్’ చూశాను. “అమ్మా, ఇక్కడి చుట్టుపక్కల ఊళ్లలోనే తీశారు” అని వాడు ఊరించాడు. అద్దెకు తీసుకున్న కాపీలో సబ్‌టైటిల్స్ మాట కన్నా వెనక నడిచాయి. ఆ టెక్సాస్ యాసలో సగం నాకు అందలేదు. అయినా గంటా యాభై నిమిషాలూ కదల్లేదు.

కథ 1930ల మొదట్లో అమెరికాలో నిజంగా తిరిగిన ఒక దొంగల జంటది. పంటలు పోయి, బ్యాంకులు మూతపడి జనం వీధిన పడ్డ కాలం. హోటల్లో వడ్డించే బానీకి ఆ ఊరంటే విసుగు. జైలు నుంచి వచ్చిన క్లైడ్ ఆమె తల్లి కారు కాజేయబోతుంటే కిటికీలోంచి చూస్తుంది. కాసేపటికి అతని వెంట వెళ్లిపోతుంది.

నన్ను పట్టుకున్నది ఒక పాడుబడ్డ ఇల్లు. బ్యాంకు స్వాధీనం చేసుకుని బోర్డు పెట్టేసింది. ఆ ఇంటి రైతు సామాను సర్దుకుని, చివరిసారి చూసుకుందామని వస్తాడు. క్లైడ్ ఆ బోర్డును కాల్చి, తుపాకీ రైతు చేతికిస్తాడు. రైతు తను కాల్చి, తన దగ్గర పనిచేసే నల్లజాతి మనిషిని కూడా పిలుస్తాడు. పంట రుణం బాకీ కింద మేనేజరుతో వెళ్లి నేను కూడా ఒక ఇంటి తలుపుకి నోటీసు అంటించాను. ఆ ఇంటావిడ మాకు మజ్జిగ ఇచ్చింది. సినిమా చూస్తున్నంతసేపూ ఆ గ్లాసే గుర్తొచ్చింది.

అక్కడే క్లైడ్ “మేం బ్యాంకులు దోచుకుంటాం” అని గొప్పగా చెప్పుకుంటాడు. అప్పటికి ఒక్కటీ దోచింది లేదు! తీరా వెళ్తే బ్యాంకులో డబ్బే లేదు, కొన్ని వారాల కిందటే మునిగింది. గుమాస్తా ఆ మాట చెబుతుంటే బానీకి నవ్వు, నాకు ఒళ్లు జలదరింపు. 1930-33 మధ్య అమెరికాలో దాదాపు 9,000 బ్యాంకులు మునిగాయి. డిపాజిట్లకు దేశమంతటా బీమా కల్పించే చట్టం 1933లో గానీ రాలేదు. దాచుకున్న సొమ్ము పోయినవాడికి దొంగ హీరోలా కనిపించడంలో వింతేముంది?

కానీ దర్శకుడు ఆర్థర్ పెన్ మనల్ని ఆ నవ్వులోనే ఉండనివ్వడు. మరో దోపిడీలో డ్రైవర్ కుర్రాడు కారును రెండు కార్ల మధ్య ఇరికించి పార్క్ చేస్తాడు, బయటికి తీయలేక తంటాలు పడుతుంటే నవ్వొస్తుంది. ఇంతలో బ్యాంకు ఉద్యోగి ఒకాయన పరుగున వచ్చి కారు ఫుట్‌బోర్డు ఎక్కుతాడు. క్లైడ్ కిటికీలోంచి ఆయన ముఖం మీదే కాలుస్తాడు. ఆయన మా క్యాష్ సెక్షన్ మనిషి. ఆ తర్వాత నేను క్లైడ్‌ను మళ్లీ పూర్తిగా నమ్మలేదు.

ప్రేమ సంగతి వేరు. క్లైడ్‌గా వారెన్ బేటీ అందగాడే, కానీ ఆ పాత్రకు ఆడదాని దగ్గరికి వెళ్లాలంటే భయం. అంత పెద్ద హీరో, అదీ నిర్మాత కూడా తనే అయి, అలాంటి పాత్ర ఒప్పుకోవడం సామాన్యమా? బానీ తమ మీద రాసిన కవిత పేపర్లో పడుతుంది. అది విని, తన బతుకును ఎవరో గుర్తించారని పొంగిపోయాకే అతని బెరుకు తీరుతుంది. (కొడుకు పక్కన కూర్చుని ఈ సీన్లు చూడటం ఇబ్బందే. నేను పల్లీలు ఒలుస్తున్నట్టు నటించాను.) బానీగా ఫే డనవే కళ్లలో మాత్రం మొదటి నుంచీ ఒక ఆకలి ఉంది. తల్లిని కలవడానికి వెళ్లిన సీన్ మసక వెలుతురులో పాత ఫోటోలా ఉంటుంది. దగ్గరలో కాపురం పెడతామంటే ఆ తల్లి, మూడు మైళ్లలో ఉంటే ఎక్కువ రోజులు బతకరని నిదానంగా చెబుతుంది. తల్లులకు తెలుస్తుంది.

నాకు నచ్చనిది, ఈ జంటను వేటాడే పోలీసు ఫ్రాంక్ హేమర్ పాత్ర. అసలు హేమర్ పేరున్న టెక్సాస్ రేంజర్, అంటే ఆ రాష్ట్ర పోలీసు. ఈ జంట ఆయనను పట్టుకుని అవమానించడం కల్పితం. ఆయన భార్య కోర్టుకెళ్లి పరిహారం తీసుకుంది, మంచిపని చేసింది. అసలు బానీ కాలు 1933లో కారు ప్రమాదంలో ఘోరంగా కాలింది, తర్వాత సరిగా నడవలేకపోయింది. సినిమాలో ఆ ఊసే లేదు, స్టయిలుగా టోపీ పెట్టుకుని తిరుగుతుంది.

ఇక ముగింపు. 1934 మే 23న లూసియానాలో పోలీసులు మాటు వేసి చంపిన ఘట్టం. ఒక క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, అంతే. తర్వాత వచ్చేది పిల్లలు చూసేది కాదు.

పదికి ఎనిమిది ఇస్తాను. కోసేసిన రెండూ హేమర్ ఖాతాలో వేశాను.

తర్వాతి ఆదివారం మావాడు పైలట్ పాయింట్ తీసుకెళ్లాడు. సినిమాలో దోచిన బ్యాంకుల్లో ఒకటి ఆ ఊరి చౌరస్తా మూలనే ఉంది. అద్దంలోంచి తొంగి చూస్తూ క్యాష్ కౌంటర్ ఎటు ఉండేదో వెతుకుతుంటే, “రిటైరై ఏడేళ్లయింది, ఇక దిగు” అన్నారు మా ఆయన.