తీసేసిన ఫైలు చరిత్ర: సబ్‌వెర్షన్, గిట్ ఏళ్ల తరబడి వాడాక

బరంపురంలో పట్టుచీరల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి నడిపిస్తున్నాం. కోడ్ మొదట సబ్‌వెర్షన్‌లో ఉండేది, తర్వాత గిట్‌కి మారాం. కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఇవి. ఎప్పుడో తీసేసిన ఫైలు కావాల్సి వచ్చినప్పుడు ఈ రెండూ ఎంతవరకు ఆదుకుంటాయో, అదొక్కటే ఇక్కడ చెబుతాను.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక వ్యాట్ లెక్కల ఫైలుతో పని లేకపోయింది, తీసేశాం. చాలాకాలానికి ఒక షాపు ఆడిటర్ గారు పాత బిల్లులు మళ్లీ ప్రింట్ తీసివ్వమన్నారు. మా కుర్రాడు గిట్ లాగ్ (పాత మార్పుల జాబితా చూపే కమాండ్) పక్కన ఆ ఫైలు పేరు కొడితే ఎర్రర్ వచ్చింది. "పోయిందన్నా" అన్నాడు టెన్షన్‌గా. ఎక్కడికీ పోలేదు. పేరుకు ముందు రెండు అడ్డగీతలు, ఒక ఖాళీ ఉండాలి. అవి లేకపోతే, ఫోల్డర్‌లో లేని ఆ పేరు బ్రాంచిదో (విడిగా నడిపే కోడ్ పాయ) ఫైలుదో గిట్ తేల్చుకోలేదు. గీతలు పెట్టగానే ఆ ఫైలును తాకిన కమిట్లన్నీ (నమోదు చేసిన మార్పులు) వరసగా వచ్చేశాయి.

అసలు పేరే గుర్తులేకపోతే గిట్ లాగ్‌లోనే డిఫ్-ఫిల్టర్ అనే ఆప్షన్‌కి డి అక్షరం ఇచ్చి, సమ్మరీ అడగాలి. తీసేసిన ప్రతి ఫైలుకీ "డిలీట్ మోడ్ 100644" లాంటి లైను, చివర్లో పేరు కనిపిస్తాయి. ఫైలు వెనక్కి తెచ్చేటప్పుడు మాత్రం తీసేసిన కమిట్‌ని కాదు, దాని ముందుదాన్ని అడగాలి. 2019లో వచ్చిన గిట్ 2.23 వెర్షన్ నుంచి దీనికి రిస్టోర్ కమాండ్ ఉంది.

గిట్ మీద నా అసలు ఫిర్యాదు వేరే. పక్క బ్రాంచిలో పుట్టి, అక్కడే తీసేసిన ఫైలు, ఆ బ్రాంచి మెయిన్‌లో (ప్రధాన బ్రాంచిలో) కలిశాక మామూలు లాగ్‌లో కనబడదు. గిట్ చరిత్రను కుదించి చూపిస్తుంది. ఫుల్-హిస్టరీ అని అడిగితేనే బయటికొస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతిని అడిగితే తప్ప చెప్పకపోవడం నాకు నచ్చలేదు.

సబ్‌వెర్షన్‌లో పేరు తర్వాత ఎట్ గుర్తు పెట్టి, ఫైలు బతికున్నప్పటి రివిజన్ నంబరు (మార్పు వరస సంఖ్య) ఇవ్వాలి. ఆ నంబరు వెతకడమే చికాకు. కానీ దొరికాక ఫోన్లో చెప్పుకోవచ్చు, గిట్‌లో ఒక్కో కమిట్‌కి ఉండే 40 అక్షరాల గుర్తింపుతో అది కుదరదు.

అయినా నా ఓటు గిట్‌కే. చరిత్ర అంతా మన మిషన్‌లోనే ఉంటుంది, రాయగడలో క్లయింటు దగ్గర నెట్ లేకపోయినా వెతుక్కోవచ్చు. క్లోన్ చేసేటప్పుడు (కోడ్‌ని చరిత్రతో సహా మన మిషన్‌లోకి కాపీ తెచ్చుకునేటప్పుడు) డెప్త్ 1 అనే ఆప్షన్ పెట్టకండి, అలా తెచ్చుకున్న కాపీలో పాత కమిట్లు ఉండవు.