ఏఐని డయాగ్రామ్ బోర్డుకు కలిపే కనెక్టర్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

నల్గొండలో ముగ్గురం కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్నాం. మాకు ఎక్కువగా మిర్యాలగూడ రైస్ మిల్లుల పనే వస్తుంది: కాంటా లెక్కలు, గన్నీ సంచుల లెక్కలు, ప్రభుత్వం ఇచ్చిన వడ్లను మర పట్టి తిరిగి అప్పజెప్పాల్సిన సీఎంఆర్ (కస్టమ్ మిల్లింగ్ రైస్) బియ్యం లెక్కలు. పోయిన నెల ఒక కనెక్టర్ కొని గట్టి దెబ్బ తిన్నాం. డబ్బు పోయిందని కాదు, తిరిగి చేయలేని పని పోయింది. కంపెనీ పేరు రాయడం లేదు. అదే తీరున పనిచేసేవి ఇంకా ఉండొచ్చు కాబట్టి, కొనేముందు ఏం చూడాలో తెలియడమే ముఖ్యం.

వాళ్లు అమ్మేది ఇదీ. కర్సర్, క్లాడ్ కోడ్, కోపైలట్ లాంటి కోడ్ రాసిపెట్టే ఏఐ అసిస్టెంట్ ఏది వాడినా దాన్ని డయాగ్రామ్ బోర్డుకు, అంటే డబ్బాలు, బాణాలతో పని వరస గీసుకునే ఆన్‌లైన్ బోర్డుకు కలుపుతారట. అది కోడ్ చదివి బొమ్మ గీస్తుంది, మనం బొమ్మలో మార్పు చేస్తే చదువుకుని కోడ్‌ను సరిచేస్తుంది. ముగ్గురికి కలిపి ఏడాదికి జీఎస్టీతో 11,800 రూపాయలు. డెమో వీడియో చూసి కట్టేశాం.

దీని వెనక ఉన్నది ఎంసీపీ, అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్: ఏఐని బయటి సాఫ్ట్‌వేర్‌కు కలిపే పద్ధతి. 2024 నవంబరులో క్లాడ్ తయారుచేసే ఆంత్రోపిక్ కంపెనీ దీన్ని ఓపెన్‌గా విడుదల చేసింది, ఇప్పుడు చాలా పెద్ద కంపెనీలు వాడుతున్నాయి. ఈ పద్ధతిలో అసిస్టెంట్‌కు టూల్స్ అందించే ప్రోగ్రామ్‌ను ఎంసీపీ సర్వర్ అంటారు, మేం కొన్న కనెక్టర్ అలాంటిదే. దాన్ని ఎవరైనా రాయొచ్చు. తన దగ్గరున్న టూల్స్ పేర్లు, ఒక్కోటి ఏం చేస్తుందనే వివరణ అది అసిస్టెంట్‌కు ఇస్తుంది. ఆ వివరణ చూసుకునే అసిస్టెంట్ ఏ టూల్ వాడాలో తేల్చుకుంటుంది. వివరణలో ఒకటి రాసి లోపల ఇంకోటి చేస్తే అసిస్టెంట్‌కు పట్టుబడదు. మాకు జరిగింది అదే.

ఆ బోర్డు మీద ఏముందో చెబితేగానీ మా బాధ అర్థం కాదు. మిల్లులో ఇరవై ఏళ్ల నుంచి పనిచేస్తున్న గుమాస్తా ఒకాయన మూడు సాయంత్రాలు తన పని అయ్యాక మాతో కూర్చున్నారు. కొనుగోలు కేంద్రం నుంచి లారీ వచ్చి గేటు దగ్గర ఆగినప్పటి నుంచి మొదలుపెట్టారు. ట్రక్ షీట్ ఎవరి చేతికి వస్తుంది, కాంటా రెండుసార్లు ఎందుకు వేస్తారు, తేమ 17 శాతం దాటితే ఎవరికి ఫోన్ చేస్తారు, తాలు ఎక్కువుంటే ఆ మాట ఎక్కడ రాస్తారు. క్వింటా వడ్లకు బాయిల్డ్ అయితే 68 కిలోలు, రా బియ్యమైతే 67 కిలోలు ఇవ్వాలన్నది కాగితం మీద ఎవరికైనా దొరుకుతుంది. కానీ చిరిగిన గన్నీలను వాళ్లు ఏ రోజు లెక్కలో వేస్తారో ఏ కాగితంలోనూ ఉండదు. అవన్నీ ఆయన మాటల్లోనే పసుపు నోట్లుగా అతికించాం. వరస తప్పిన చోట ఆయనే మౌస్ పట్టుకుని డబ్బాలు జరిపారు.

తర్వాత ఒక రోజు అసిస్టెంట్‌కు ఒకే ఒక్క పని చెప్పాం: ఖాళీ గన్నీలు వాపసు వచ్చే స్టెప్ ఒకటి కలపమని. అది కనెక్టర్‌లోని 'అప్‌డేట్' టూల్‌ను పిలిచింది. పూర్తయిందని జవాబు వచ్చింది. ప్రతిసారీ అనుమతి అడుగుతోందని మా తమ్ముడు మొదటి రోజే 'ఎప్పుడూ అనుమతించు' నొక్కి పెట్టాడు, అందుకే ఈసారి మమ్మల్ని అడగనే లేదు. మేం కాంటా పనిలో పడి బోర్డు తెరవలేదు. పదకొండో రోజు మిల్లులో ఆయన ముందే తెరిచాం. డబ్బాలన్నీ శుభ్రంగా, ఒకే వరసలో ఉన్నాయి. నోట్లు ఒక్కటీ లేవు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కాసేపు చూసి, "నేను చెప్పినయన్నీ ఏవి సార్?" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

వెనక్కి తెద్దామంటే మా ప్లాన్‌లో పాత వెర్షన్లు ఏడు రోజులే ఉంటాయట. ఎక్కువ కావాలంటే పై ప్లాన్ కొనాలి. అది కొన్నా పోయినవి రావని సపోర్ట్‌వాళ్లే చెప్పారు.

ఇంటికొచ్చి లాగ్ చూస్తే సంగతి బయటపడింది. పేరుకే అది అప్‌డేట్. చేసేదేమంటే బోర్డు మీద ఉన్నదంతా తీసేసి, కోడ్ నుంచి మెర్మెయిడ్ టెక్స్ట్ (బొమ్మను అక్షరాల్లో రాసే పద్ధతి) తయారుచేసి, దాన్ని కొత్తగా గీయడం. మెర్మెయిడ్ 2014 నుంచి ఉచితంగా దొరుకుతోంది, కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ 2022 నుంచి దాన్ని నేరుగా బొమ్మగా చూపిస్తోంది. అంటే మేం డబ్బు పెట్టి కొన్న సగం పనిని అసిస్టెంట్ ఏ కనెక్టర్ లేకుండానే చేసిపెడుతుంది. ఇక బొమ్మను తిరిగి చదువుతుందన్న మాట: అది బోర్డును ఫొటో తీసి పంపుతుంది, అంతే. ఏ బాణం ఏ డబ్బాకు అంటుకుందో డేటాగా పంపదు. రెండు బాణాలు అడ్డంగా దాటిన చోట అసిస్టెంట్ తప్పు చదివి కాంటా వరసను తారుమారు చేసింది. అదృష్టం కొద్దీ టెస్టులో దొరికింది.

అనుమతుల సంగతి ఇంకా టెన్షన్ పెట్టింది. కనెక్టర్‌కు ఇచ్చిన టోకెన్ (అకౌంట్‌కు తాళంచెవి లాంటిది) ఒక్క బోర్డుకు కాదు, అకౌంట్‌లోని అన్ని బోర్డులకూ, రాయడానికీ తీసేయడానికీ. వేరే ఇద్దరు కస్టమర్ల బోర్డులు కూడా అందులోనే ఉన్నాయి. పైగా వాళ్లిచ్చిన సెట్టింగ్ ప్రకారం మనం తెరిచినప్పుడల్లా కొత్త వెర్షన్ దానంతటదే దిగుతుంది. ఇది చిన్న విషయం కాదు. 2025 సెప్టెంబరులో ఈమెయిల్ పంపే ఒక ఎంసీపీ సర్వర్ కొత్త వెర్షన్‌లో ఒక్క లైను చేరింది. దాంతో వెళ్లే ప్రతి మెయిల్ కాపీ బయటివాళ్లకు చేరింది. అంతకు ముందు వెర్షన్లు బాగానే పనిచేశాయి కాబట్టి జనం నమ్మారు. మేం వెంటనే టోకెన్ రద్దు చేశాం, అదే పని మీరూ చేయండి.

రిఫండ్ అడిగితే ఏడాది ప్లాన్‌కు ఇవ్వమన్నారు. బిల్లు మా జీఎస్టీ నంబరు మీద ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారానికి కొన్నవాళ్లను మామూలుగా వినియోగదారుల్లో లెక్కపెట్టదు కాబట్టి అక్కడ మాకు ఆశ తక్కువ. మీరు సొంతానికి కొని మోసపోతే 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పండి. ఇంకొకటి: 15,000 రూపాయల లోపు ఆటో డెబిట్‌కు రెండోసారి నుంచి ఓటీపీ అడగరు. కోతకు 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, అది మనం చూడకపోతే వచ్చే ఏడాది కూడా పోతుంది. మేం బ్యాంకు యాప్‌లో మ్యాండేట్, అంటే ఆ ఆటో డెబిట్ అనుమతి, రద్దు చేసుకున్నాం.

కొనాలనుకునేవాళ్లు కట్టేముందు పది నిమిషాలు కేటాయించండి. కొత్త అకౌంట్‌లో ఒక ఉత్త బోర్డు తెరిచి, మూడు డబ్బాలు, రెండు నోట్లు పెట్టి, ఒక డబ్బాను చేత్తో పక్కకు జరపండి. ఇప్పుడు అసిస్టెంట్‌తో ఇంకో డబ్బా కలపమనండి. జరిపిన డబ్బా జరిపిన చోటే ఉందా, నోట్లు ఉన్నాయా చూడండి. తర్వాత ఒక బాణాన్ని తిప్పి, ఏం మారిందో చెప్పమని అడగండి. ఈ రెండూ నిలిస్తేనే డబ్బు గురించి మాట్లాడండి. తీసేసే టూల్స్‌కు 'ఎప్పుడూ అనుమతించు' నొక్కకండి.

బొమ్మలు గీసే డ్రా.ఐఓ వాడితే ఫైల్ మన దగ్గరే ఎక్స్ఎంఎల్ టెక్స్ట్‌గా పెట్టుకోవచ్చు, పాత వెర్షన్లు దాచే గిట్‌లో ఉంచుకోవచ్చు. అలాంటిదే ఇంకోటి ఎక్స్‌కాలిడ్రా, దాని ఫైలు కూడా జేసన్ అనే రకం టెక్స్టే. ఏది పోయినా నిన్నటిది దొరుకుతుంది. మేం ఇప్పుడు అలాగే మారాం.

గుమాస్తా గారు మళ్లీ కూర్చుంటానన్నారు, ఆయన పెద్దమనసు. ఆదివారం మిర్యాలగూడ పోతున్నాం. ఇప్పటికే ఇలాంటి కనెక్టర్ కలిపి ఉన్నవాళ్లు మాత్రం ఆదివారం దాకా ఆగకండి, ఈ రాత్రే మీ బోర్డులన్నీ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.