సుత్తి దెబ్బతో తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్: కొన్నేళ్లు వాడాక

యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్ క్లచ్ కవర్ చుట్టూ ఉండే ప్లస్ స్క్రూలను విప్పిన ప్రతి ఒక్కరూ ఈ పనిముట్టు కొనుక్కోవాలని చాలామందికి చెప్పాను. మాది కాకినాడ. అల్యూమినియం కేసింగ్‌లో ఇనుప స్క్రూ, పైగా ఉప్పుగాలి: రెండూ ఒకదాన్నొకటి కరుచుకుపోతాయి. మామూలు స్క్రూడ్రైవర్ బలంగా తిప్పేకొద్దీ గాడిలోంచి పైకి ఎగదన్ని, గాడినే తినేస్తుంది.

ఇంపాక్ట్ డ్రైవర్‌కి వెనక సుత్తితో కొడితే, ఆ దెబ్బే కొసన ఉండే బిట్టును గాడిలోకి దిగ్గొడుతూ కొద్దిగా తిప్పుతుంది. నొక్కడం, తిప్పడం ఒకేసారి జరుగుతాయి కాబట్టి బిట్టు ఎగదన్నదు.

పోయిన వానాకాలం ఆయిల్ లీకవుతోందని కవర్ విప్పబోతే, బురద పేరుకునే అట్టడుగు స్క్రూ కదల్లేదు. దాని గాడి అప్పటికే సగం అరిగి ఉంది. తల డ్రిల్ చేసేద్దాం, లోపలి ముక్క రాకపోతే హెలికాయిల్ (పాడైన మరల చోట కొత్త మరలుగా పెట్టే తీగచుట్ట) వేద్దాం అన్నాడు మెకానిక్. నాకు మనసొప్పలేదు. రాత్రంతా తుప్పు వదిలించే ఆయిల్ పట్టించి ఉంచాను. పొద్దున స్క్రూ తల మీద నిటారుగా రెండు దెబ్బలు వేసి, డ్రైవర్‌ని విప్పే వైపుకి పెట్టి, 3వ నంబరు బిట్టు గాడిలో కూర్చోబెట్టి, బరువైన సుత్తితో కొట్టాను. కాసేపటికి దెబ్బ శబ్దం మారింది, స్క్రూ కదిలింది. మిగతాది చేత్తోనే తిప్పేశాను. కేసింగ్‌లో మరలు చెక్కుచెదరలేదు. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే నేను పొగిడేది డ్రైవర్‌ని. పెట్టెలో దాంతోపాటు వచ్చిన బిట్లు వేరే సంగతి. 3వ నంబరుది అంచు విరిగింది. జపాన్ డిజైన్ బళ్లలో ప్లస్ స్క్రూ గాడి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) కొలతలో ఉంటుంది, మామూలు ఫిలిప్స్ బిట్టు అందులో పూర్తిగా కూర్చోదు. ఇలాంటి జేఐఎస్ స్క్రూల్లో చాలావాటి తల మీద చిన్న చుక్క గుర్తు కూడా ఉంటుంది. విడిగా జేఐఎస్ బిట్టు కొన్నాకే ఇది దాని సత్తా చూపించింది. ఆ అడుగు స్క్రూ వచ్చిందీ దాంతోనే. సగం పేరు బిట్టుకే ఇవ్వాలి.

కార్బురేటర్ గిన్నె స్క్రూలు, బ్రేక్ మాస్టర్ సిలిండర్ మూత స్క్రూల మీద మాత్రం దీన్ని వాడొద్దు. పల్చటి పోత, సన్న స్క్రూలు, దెబ్బకి పగిలిపోవచ్చు. అక్కడ సరిపోయే జేఐఎస్ స్క్రూడ్రైవర్, ఓపిక. ఇంపాక్ట్ డ్రైవర్ కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి.

ఆ క్లచ్ కవర్‌కి ఇప్పుడు అలెన్ బోల్టులు (తలలో ఆరు మూలల గాడి ఉండేవి) వేశాను కాబట్టి నాకే దీని అవసరం తగ్గింది. కొత్త బండి ఉన్నవాళ్లకి, ఇంజిన్ కవర్లకి హెక్స్ బోల్టులే ఉంటే, ఇది కొనమని చెప్పలేను. పాత బండి, సముద్రం పక్క ఊరు, సొంతంగా విప్పుకునే అలవాటు ఉంటే మంచి జేఐఎస్ బిట్టుతో కలిపి కొనండి.